సీసాల కంపెనీ జవాబు

కిందటివారం తండ్రీ కూతుళ్లని వంటింట్లో వదిలి వచ్చాం. నాన్న పని నుంచి వచ్చి, చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్లమీద పెట్టి, "మా విభాగం ఎత్తేస్తున్నారు చిట్టీ" అన్నాడు. చిట్టి ఆయన చిన్న కూతురు. కంపెనీల్లో ఎక్కడ దండగ అవుతోందో చూసి సలహా చెప్పే ఒక పెద్ద కన్సల్టింగ్ సంస్థలో ఉద్యోగానికి రెండు ఇంటర్వ్యూలు గెలిచింది. మూడోది, చివరిది, సోమవారం పొద్దున్న పది గంటలకి. ఆమెని తయారుచేస్తున్నది అదే సంస్థలో నాలుగేళ్లుగా పనిచేస్తున్న బావ, అంటే అక్క మొగుడు. ప్రతి ఆదివారం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు. ఆయన ఏదో ఒక కంపెనీ కష్టం చెప్తాడు, దాన్ని వాళ్లు కేసు అంటారు. ఈమె అరగంటలో కారణం కనిపెట్టి మందు చెప్పాలి.

ఇప్పుడు శనివారం మధ్యాహ్నం మూడైంది. కాగితం ఇంకా బల్లమీదే ఉంది.

నాన్న పనిచేసేది కళ్లద్దాల లెన్సులు తయారుచేసే కర్మాగారంలో, చివరి తనిఖీ విభాగంలో. ఏడు బల్లలు, మనిషికో దీపం. లెన్సుని దీపానికి అడ్డంగా పట్టుకుని గీత పడిందా, బుడగ ఉందా, అంచు విరిగిందా అని ఇరవై ఆరేళ్లుగా కళ్లలో వత్తులు వేసుకుని చూస్తున్నాడు. ఆ కళ్లతోనే ఇప్పుడు కూతురి మొహం చూసి, "చదువుకునేదానివి, ఇవన్నీ నెత్తిన పెట్టుకోకు. టీ చల్లారిపోతోంది" అన్నాడు. కప్పు మీద మూత కూడా పెట్టాడు.

చిట్టి కాగితం మడత విప్పింది. మొదటి పేజీ నిండా పైవాళ్ల మర్యాద మాటలు. రెండో పేజీలో, కేసుని ముక్కలుగా విడగొట్టి చూడమని బావ నేర్పినలాంటి ఒక బొమ్మ. పైన ఒక గడి, దాని కింద రెండు, వాటి కింద నాలుగు. ఆ గడుల కింద మూడు వాక్యాలు.

"తనిఖీ విభాగం పట్టుకుంటున్నది వందకి ఒకటి కూడా లేదు. కొన్నవారు వెనక్కి పంపుతున్నది వందకి రెండు కూడా లేదు. పట్టుకోవడానికి ఏమీ లేని చోట ముప్పై ఒక్కమంది వెతుకుతున్నారు."

మూడో వాక్యం ఆమెదే. కిందటి ఆదివారం బావ ఇచ్చిన కేసుకి, మూడు తెల్లకాగితాలు ఖర్చుపెట్టి, సీసాలు తయారుచేసే ఒక కంపెనీ గురించి రాసింది. ఆ వాక్యం చదివి బావ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు.

ముప్పై ఒక్కమంది అని బావ చెప్పినప్పుడు ఆమెకి ఏమీ తోచలేదు. నాన్నతో పనిచేసేవాళ్ల మొహాలు తెలుసు, వాళ్ల పిల్లల చదువులు తెలుసు. ఎంతమందో ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

"నేను మావాళ్లతో ఓసారి మాట్లాడి వస్తాను" అని నాన్న చెప్పులేసుకున్నాడు. ఆయన మెట్లు దిగిపోయాక గంటసేపు ఆ మూడో వాక్యం ముందే కూర్చుని, కాగితం జేబులో పెట్టుకుని ఆమె కూడా బయల్దేరింది. అక్కావాళ్ల ఇల్లు నాలుగు వీధుల అవతల, మూడో అంతస్తులో. దారిలో ఏ దుకాణం తెరిచి ఉందో, ఎవరు పలకరించారో ఆమెకి తెలీదు.

బావ అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. చివరి రెండు రోజులూ రోజుకోసారి కూర్చోవాలని ఆయనే అన్నాడు. బల్లకి చెరో పక్కా కుర్చీ, మధ్యలో అలారం గడియారం, తెల్లకాగితాలు, రెండు పెన్నులు. ఒంటిమీద ఇస్త్రీ చొక్కా, టై. నడుం కింద ఇంట్లో వేసుకునే పాత నిక్కరు.

"బల్ల కింద ఎవరూ తొంగిచూడరులే" అని నవ్వాడు ఆమె చూపు గమనించి. "ఐదు నిమిషాలు ఆలస్యం మరదలా. సోమవారం ఇలా వస్తే తలుపు కూడా తీయరు."

"ఇవాళ కేసు నేనిస్తాను బావా. నువ్వు చెప్పు జవాబు."

"గురువుకే పరీక్షా? కానీ, కానీ." సరదాగా ఇవతలి కుర్చీలోకి మారాడు. గడియారం ముల్లు తనే తిప్పి పెట్టుకున్నాడు. "పావుగంట చాలు నాకు. చెప్పు."

"ఒక కర్మాగారం. చివర్లో తనిఖీ విభాగం ఉంది. అక్కడ పట్టుబడుతున్నది వందకి ఒకటి కన్నా తక్కువ. కొన్నవాళ్లు తిప్పి పంపుతున్నది వందకి రెండు కన్నా తక్కువ. ఆ విభాగం ఉంచాలా, తీసెయ్యాలా?"

"ఇది మనం చేసిందేగా. సీసాల కంపెనీ. చద్ది కేసు పెడతావేంటి?"

"కొత్త ప్రశ్న ఒకటుంది. తిరిగొచ్చేది అంత తక్కువ ఎందుకుంది?"

"తయారీ బాగుంది కనక."

"ఇంకో కారణం ఉండకూడదా?"

బావ తెలివైనవాడు, అందులో అనుమానం లేదు. పెన్నుతో కాగితం మీద రెండుసార్లు కొట్టాడు. "తనిఖీవాళ్లు మధ్యలో పట్టేసుకుంటే బయటికి పోదు. కానీ పట్టుకున్నట్టు లెక్కలో లేదుగా?"

"లెక్క రాయకపోతే?"

"ఎందుకు రాయరు? వాళ్లని పెట్టిందే అందుకు."

"రాస్తే ఎర్రచీటీ అవుతుంది. ఎర్రచీటీ మెరుగుపెట్టే కుర్రాళ్ల పేరు మీద పడుతుంది. నెలలో మూడు పడితే మిషను మీంచి తీసి బస్తాలు మోయడానికి పంపుతారు. అందుకని తనిఖీవాళ్లు రాయరు. గీత పడినవన్నీ ఒక ట్రేలో సర్ది, టీ టైములో మోసుకెళ్లి మెరుగు బల్ల మీద పెట్టేస్తారు. తిట్టరు, ఒక్క మాట అనరు. వాళ్లు మళ్లీ తోమి పంపుతారు. అలాంటివి వందకి పదకొండు."

పెన్ను ఆగింది. "పదకొండని నీకెవరు చెప్పారు?"

"నాన్న. నేను ఎనిమిదో క్లాసులో ఉన్నప్పట్నుంచీ భోజనాల దగ్గర ఆ ట్రేల కబుర్లే. ఆ ఎర్రచీటీలు రాసే మనసు తన విభాగంలో ఎవరికీ లేదని గొప్పగా చెప్పేవాడు." జేబులోంచి కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. "సీసాలు కాదు బావా. లెన్సులు."

బావ ఆ కాగితం మడత విప్పలేదు. ముట్టుకోను కూడా లేదు. అది చూశాక ఆమెకి ఇంకేం అడగక్కర్లేకపోయింది.

"చూడకుండానే తెలుసన్నమాట మీకు."

పెళ్లైన మర్నాటి నుంచీ బావని ఆమె 'నువ్వు' అనే అంటుంది. ఆ 'మీకు' వినగానే ఆయన తలెత్తాడు.

"మెల్లిగా. అక్క లోపలుంది."

"నేనేం అరవడం లేదు. అడుగుతున్నాను. ప్రాక్టీసుకి పాత కేసులిస్తారు, పేర్లు మార్చి ఇస్తారు, అందరూ చేసేదే. ఇది పాతదా? అయిపోయాక అసలు ఆ కంపెనీ ఏం చేసిందో చెప్తారు కదా మీరు, ప్రతిసారీ? దీనికి మాత్రం 'ఇంకా తేలలేదు' అన్నారు. నేను తేల్చాలని కూర్చున్నారా?"

"చిట్టీ, కూర్చో ముందు."

"నిలబడే వింటాను."

ఆయన టై వదులు చేసుకున్నాడు. "మూడు వారాలు ఆ అంకెలు ముందేసుకుని కూర్చున్నాను. మావయ్యగారు అక్కడున్నారని మా వాళ్లకి చెప్పి నేను పక్కకి తప్పుకోవాలి. రూలు అదే. చెప్పలేదు. తప్పుకుంటే ఈ ఏడూ ఉన్నచోటే ఉండిపోతాను. నాతో చేరినవాళ్లందరూ నా పైకి వెళ్లిపోయారు, నీకు తెలీదు అదెలా ఉంటుందో. జవాబు కళ్ల ముందే కనబడుతోంది. రాయబోతే మావయ్యగారి మొహం అడ్డొస్తోంది. చెయ్యి ఆడలేదు."

"అందుకని నాచేత రాయించారు."

"నువ్వైతే ఎవరి మొహమూ చూడకుండా రాస్తావని…" అని, తన మాట తన చెవిన పడ్డట్టు అక్కడే ఆపేశాడు.

చిట్టి తన ఖాళీ కుర్చీని బల్ల కిందికి తోసేసింది.

"నా కళ్లకి గంతలు కట్టి, కత్తి చేతికిచ్చి, పొడిచాక చప్పట్లు కొట్టారు" అంది. "ఆ చప్పట్లకి నేనెంత మురిసిపోయానో తెలుసా? ఇంటికి పరిగెత్తుకెళ్లి నాన్నకి చెప్పాను, బావ లేచి నిలబడ్డాడని. ఆయన పక్కింటివాళ్లని పిలిచి మరీ చెప్పుకున్నాడు. మా చిన్నది చాలా బాగా చేసిందట, అల్లుడుగారే మెచ్చుకున్నారట అని. ఇంత నీచం ఎలా చేయగలిగారు మీరు?"

అప్పుడే గడియారం మోగింది. లోపల్నుంచి అక్క వచ్చి దాన్ని నొక్కి ఆపింది. ఆమె చేతిలో మంచినీళ్ల గ్లాసుంది. ఎంతసేపట్నుంచి గుమ్మం వెనక ఉందో ఎవరికీ తెలీదు.

"ఏవండీ, ఇది నిజమేనా?"

బావ టై ఊడదీసి బల్లమీద పడేశాడు.

"అదీ సంగతి" అంది అక్క. "నెల్రోజుల్నుంచి నాన్న గుమ్మంలోకి రాగానే మీరు స్నానాలగదిలో దూరుతున్నారు. కడుపు పాడైందేమో అని నేను రెండుసార్లు మందులు తెచ్చిపెట్టాను. మింగారు కూడా. ఏ రోగమూ లేకుండానే మింగారు."

"నీకు చెప్తే నువ్వు ఊరుకుంటావా?"

"ఊరుకోను కాబట్టే చెప్పాలి." గ్లాసు బల్లమీద, చెల్లెలి చేతికి అందేంత దగ్గర్లో పెట్టింది. "మా నాన్న కూతుర్ని చేసుకుని, మా నాన్న కూతురి చేత్తోనే ఆయన పొట్ట కొట్టించారు. ఇక నన్ను మాత్రం ఎందుకు మిగిల్చారు? ఆ కాగితానికి నాచేత జిగురు రాయించాల్సింది."

చిట్టి నీళ్లు తాగలేదు. "తిట్లు తరవాత అక్కా. ఇది ఆపాలి. వాళ్లకి ఫోన్ చేసి లెక్క తప్పని చెప్పండి. ఇప్పుడే."

"ఎవరికి చేయను? దానిమీద సంతకం పెద్ద మేడమ్‌ది. శని, ఆది ఆవిడ ఎవరి ఫోనూ ఎత్తదు. సోమవారం మధ్యాహ్నం కర్మాగారం యజమానులతో మీటింగు. అక్కడ ఊ అన్నారంటే అయిపోయినట్టే."

"పొద్దున్నే వెళ్లి కలవండి."

"పొద్దున్న ఆవిడ ఎవర్నీ కలవదు. ఒక్కరిని తప్ప." ఆయన మరదలి మొహంలోకి చూడలేక గడియారం కేసి చూశాడు. "నిన్ను. పది గంటలకి నీ ఇంటర్వ్యూ ఆవిడ దగ్గరే."

చిట్టి బల్లమీది కాగితం తీసి మళ్లీ జేబులో పెట్టుకుంది.

"ఆలోచించి మాట్లాడు" అన్నాడు బావ, గొంతు తగ్గించి, దాదాపు బతిమాలుతున్నట్టు. "నడుస్తున్న పని అంకెలు బయటి మనిషికిచ్చానని తెలిస్తే ఆ గంటలోనే నన్ను పంపేస్తారు. నిన్నైతే లోపలికే రానివ్వరు. అదే నువ్వు ఊరుకున్నావనుకో, ఉద్యోగం నీ చేతిలో ఉన్నట్టే. ఇద్దరం లోపలుంటే మావయ్యగారికి ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి చూడలేమా?"

"నాన్నకి చూస్తారు. మిగతా ముప్పైమందికి?"

తలుపు దగ్గర బెల్లు మోగింది.

వచ్చింది నాన్న.

చెప్పులు గోడవారగా జతచేసి విప్పి, చిన్న కూతుర్ని అక్కడ చూసి కొంచెం ఆశ్చర్యపోయి, "చదువుకుంటున్నారా? అడ్డొచ్చానా?" అన్నాడు. అక్క బల్లమీది గ్లాసు తీసి ఇవ్వబోతే, ఆయన దాన్ని అల్లుడి వైపు జరిపాడు. "ముందు బాబుగారికివ్వమ్మా. చెమటలు పడుతున్నాయి ఆయనకి."

బావ గ్లాసు పట్టుకున్నాడు. నోటిదాకా తీసుకెళ్లలేకపోయాడు.

"మీతో చిన్న పని పడింది బాబూ" అన్నాడు నాన్న కుర్చీ అంచున కూర్చుంటూ. "మీ సంస్థవాళ్లే మా దగ్గర లెక్కలు తీశారట. మీకు తెలిసి ఉండదు, అక్కడ వందమంది ఉంటారు. మాకిచ్చిన ఆ కాగితం రాసినాయన ఎవరో కనుక్కుంటారా? పోట్లాటకి కాదు. చాలా తెలివిగా రాశాడు. ఆ మూడో మాట ఉంది చూశారూ, చదివితే నాకే నిజమేననిపించింది, మనం ఇన్నేళ్లూ ఉత్తినే కూర్చున్నామా అని. కానీ పాపం ఆయనకి మా ట్రేల సంగతి తెలీదు. ఒక్క పావుగంట మా బల్ల దగ్గర కూర్చోబెడితే చాలు."

"ట్రేల సంగతి చెప్తే మెరుగువాళ్ల మీదికి రాదా నాన్నా?" అంది అక్క.

"అదే మాట్లాడుకున్నాం ఇంతసేపూ. మేం వద్దన్నాం. వాళ్లే ఒప్పుకోలేదు. మా ఎర్రచీటీలు మీరు ఇన్నేళ్లు మోశారు, మా పేర్లతోనే చెప్పెయ్యండి అన్నారు. మొత్తం రాసి సంతకాలు పెట్టి ఇచ్చారు." చొక్కా జేబు తడుముకున్నాడు. "మనుషులు మంచివాళ్లమ్మా. రాసినాయన కూడా మంచివాడే అయ్యుంటాడు."

చిట్టి ఇంక ఆగలేకపోయింది.

"రాసింది నేను నాన్నా."

ఆయనకి అర్థం కాలేదు. పెద్ద కూతురి కేసి చూశాడు, ఆమె తల దించుకుంది. అల్లుడి కేసి చూశాడు, ఆయన గ్లాసులోకి చూస్తున్నాడు. మళ్లీ చిన్న కూతురి దగ్గరికి వచ్చాయి ఆయన కళ్లు. లెన్సుని దీపానికి పెట్టి చూసే చూపు అది. ఆమెని ఎన్నడూ అలా చూడలేదు.

"ఎప్పుడు?"

"ఆదివారం. ఇక్కడే. ప్రాక్టీసు అనుకున్నాను. మీ కర్మాగారమని తెలీదు. సీసాల కంపెనీ అని చెప్పి ఇచ్చారు."

"ట్రేల సంగతి తెలుసుగా నీకు."

"తెలుసు. అప్పుడు గుర్తుకి రాలేదు. సీసాలన్నారు కదా."

నాన్న లేచి నిలబడ్డాడు. ఇరవై మూడేళ్లలో ఆయన గొంతు పెంచగా ఆమె వినలేదు. ఇప్పుడూ పెంచలేదు. కానీ ఆ గొంతులో ఉన్నది వినగానే ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"సీసాలైతే ఫర్వాలేదా?"

"నాన్నా…"

"సీసాల కంపెనీలో బల్లల దగ్గర కూర్చునేది ఎవరనుకున్నావు? వాళ్లకి కూతుళ్లుండరా? అక్కడ ట్రేలు మోసేవాళ్లు ఉండరా? ముప్పై ఒక్కమంది అని నీ చేత్తో రాశావు. రాసినప్పుడు ఒక్కడి మొహం కూడా కనబడలేదా నీకు? మా మొహాలైతేనే మొహాలా?"

"మావయ్యగారూ, తప్పంతా నాది" అన్నాడు బావ.

"మీ సంగతి తరవాత మాట్లాడతాను. ఇవాళ మిమ్మల్ని ఏమైనా అంటే, రేపు నా పెద్దకూతురి మొహం చూడలేను." అల్లుడి వైపు తిరగకుండానే అన్నాడు. "నేనూ నా చిన్నకూతురూ మాట్లాడుకుంటున్నాం."

చిట్టి మళ్లీ ముందుకొచ్చింది. "సోమవారం పొద్దున్న పది గంటలకి ఆ సంతకం పెట్టినావిడ ముందే కూర్చుంటాను నాన్నా. నేను చెప్తే ఆగుతుందేమో. చెప్తే మాత్రం నాకూ బావకీ ఇద్దరికీ…"

"తెలుస్తోంది. అది నువ్వు తేల్చుకోవాలి. నేను చెప్పమననూ, మానమననూ." ఆయన తలుపు దగ్గరికి నడిచాడు. "ముప్పై ఒక్కమందిలో నేనొకణ్ణి. నేను తండ్రిని, ఇవాళో రేపో కోపం దిగమింగుకుంటాను. మిగతావాళ్ల తరఫున దిగమింగే హక్కు నాకు లేదు. అల్లుడుగారు సాయం చేస్తారని చెప్పి పదకొండుమందిని వెంటబెట్టుకొచ్చాను. కింద నిలబడ్డారు. నువ్వే చెప్పు వాళ్లకి."

"ఇప్పుడా? నాన్నా, ఒక్క రోజు టైమివ్వు."

ఆయన తలుపు తీసి, మెట్ల మీదికి వంగి, "పైకి రండి" అని పిలిచాడు.

ముందుగా వచ్చింది ఒకటో బల్ల దగ్గర కూర్చునే పెద్దావిడ. మోకాళ్లు పట్టుకుని ఆగి ఆగి మెట్లెక్కింది. చిట్టి తల్లి పోయిన ఏడాదంతా పొద్దున్నే వచ్చి, ఈ పిల్లకి రెండు జడలు వేసి, బడిదాకా దిగబెట్టి, అక్కణ్ణుంచి పనికి పోయిన మనిషి. గుమ్మంలో చిట్టిని చూడగానే ఆవిడ మొహం విప్పారింది.

"నువ్వూ ఇక్కడే ఉన్నావా తల్లీ, బతికాం. మాలో ఇలాంటివి మాట్లాడగలిగేది నువ్వొక్కదానివే" అంటూ లోపలికొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. వెనక మెట్ల మీద మిగతావాళ్ల అడుగులు దగ్గరపడుతున్నాయి. ఆవిడ ఊపిరి తీసుకుని, గదిలో ఎవరూ మాట్లాడకపోవడం చూసి, చిట్టి చెయ్యి వదలకుండానే నాన్న వైపు తిరిగింది.

"ఏమయ్యా, తెలిసిందా? ఎవరటా రాసింది?"